అక్కకు నేర్పిన జంట మాటలు

ఇంగ్లిష్‌లో రెండు వాక్యాలను ఒకటిగా అతికించే జంట మాటలు కొన్ని ఉన్నాయి. ఈదర్ అన్నవాడు ఆర్ అనాలి. నైదర్ అన్నవాడు నార్ అనాలి. బోత్ వస్తే వెనకాలే అండ్ రావాలి, నాట్ ఓన్లీ వస్తే బట్ ఆల్సో రావాలి. ఒకటి వాడి రెండోది మరిచిపోతే బోల్టు పెట్టి నట్టు బిగించకుండా వదిలేసినట్టే. కృష్ణగిరిలో మెకానికల్ డిప్లొమా చదివేటప్పుడు ఇంగ్లిష్ మొత్తంలో నాకు నచ్చిన పాఠం ఇదొక్కటే. మిగతా వ్యాకరణం మా బంధువుల మాటలా ఉండేది, ఎప్పుడు ఎటు తిరుగుతుందో తెలిసేది కాదు. ఇది మాత్రం డ్రాయింగ్ ప్రకారం నడిచేది.

ఆ పాఠాన్ని బయట వాడుకునే అవకాశం నాకు ఒక్కసారి వచ్చింది. మా అక్కకు నేర్పాను. దానివల్ల ఆమెకు ఏం ఒరిగిందో, ఒరిగినదాంట్లో నా వాటా ఎంతో తేల్చుకోవాలని ఇది రాస్తున్నాను. నా వాటా సున్నా అని తేలే ప్రమాదం ఉందని ముందే తెలుసు.

నేను హోసూరులో ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో ఉన్నాను. అక్కా బావల ఇంట్లోనే ఉంటాను. అక్కకు పెళ్ళయి రెండేళ్ళయింది. ఆమె మరో ఫ్యాక్టరీలో, ఫోన్ లోపల పెట్టే చిన్న భాగాలు బిగించే లైనులో పనిచేస్తుంది. బావకు ఒక చిన్న సరుకు బండి ఉంది. ఈ ప్రాంతంలో అందరూ దాన్ని కుట్టియానై అంటారు, తమిళంలో ఏనుగు పిల్ల అని అర్థం. ఎవరు ఏ సరుకు ఎత్తితే దాన్ని, ఏ రోజు పిలిస్తే ఆ రోజు, కృష్ణగిరి అవతలి పోచంపల్లి సంతకైనా సరే తోలుకుపోతాడు. పిలవని రోజు నిద్రపోతాడు. రెండు పనులనూ సమానమైన శ్రద్ధతో చేస్తాడు.

బావ వాళ్ళ అమ్మ, మా అత్త, అత్తిముగంలో ఒంటరిగా ఉంటుంది. అక్కడ వాళ్ళకు రోజా తోట ఉంది. రోజా మొక్కకు ఆదివారమూ లేదు, పండగా లేదు. తెల్లవారక ముందే కోయాలి, కోసినదాన్ని వెంటనే హోసూరు పూల మార్కెట్టుకు పంపాలి. మామ పోయినప్పటినుంచి కోతకు మనుషులు దొరకడం లేదని అత్త బాధ. ఒక ఆదివారం సంచీ నిండా అనపకాయలు తీసుకుని వచ్చి, కూర్చోకముందే మొదలుపెట్టింది.

"ఊర్లో ఆడబిడ్డ ఒకతి కంటికి కనబడదప్పా. అందరూ కంపెనీలకు పోతావుండారు. తెల్లారితే బస్సు వస్తుంది, ఎక్కిపోతారు. పూలు ఎవరు కోయల్ల? నేనొక్కదాన్నే కోస్తే మధ్యాహ్నం అయితుంది, మార్కెట్టు మూసేస్తారు."

అట్లా ఎక్కిపోయేవాళ్ళలో తన కోడలు కూడా ఒకతి అన్న సంగతి ఆమె ఎక్కడా అనలేదు. అనాల్సిన అవసరం కూడా రాలేదు, అక్క అప్పుడే కంపెనీ యూనిఫారం ఆరేస్తూ ఉంది.

అత్త కోరిక ఒక్కటే. అక్క ఉద్యోగం మానేసి, ఇద్దరూ అత్తిముగం వచ్చేయాలి. అక్క కోరిక కూడా ఒక్కటే. హోసూరులో ఈ ఇంట్లోనే ఉండాలి. ఈ ఇల్లు గొప్పదేమీ కాదు. రెండు గదులు, వంటగదిలో నిలబడితే వెనక్కి తిరగడానికి చోటు ఉండదు. అయినా ఆ వంటగదిలో ఎప్పుడు పొయ్యి వెలిగించాలో, ఎప్పుడు ఆర్పాలో ఆమె ఇష్టం. అది ఆమెకు మొదటిసారి దొరికిన హక్కు. నేను నోరు తెరిచి చెప్పలేదు గానీ నాకు కూడా ఆ వంటగది మీద కొంత అభిప్రాయం ఉంది. అక్క అత్తిముగం పోతే నేను మెస్సులో తినాలి.

అదే నెలలో అక్క కంపెనీలో లైన్ లీడర్ పోస్టు పడింది. లైన్ లీడర్ అంటే ఒక లైనులోని ఆడపిల్లలందరికీ పెద్ద. అన్నిటికంటే ముఖ్యం, నైట్ షిఫ్టు ఉండదు, పగటి పూట పనే. రాయడం ఒకటి, మాట్లాడడం ఒకటి, ఇంగ్లిష్‌లో రెండు పరీక్షలు పెడతారని చెప్పారు.

బావ ఇద్దరి మధ్య కూర్చుని తీర్పు చెప్పాడు. బావ తీర్పు చెప్పడం నేను చూసింది అదే మొదటిసారి. సాధారణంగా ఆయన ఎవరు ఏం చెప్పినా "అదీ నిజమే" అంటాడు. అత్త కోతకు మనుషులు లేరంటే, అదీ నిజమే. అక్క ఉద్యోగం మానలేనంటే, అదీ నిజమే. ఒకరోజు నేను ఆయన బండికి ఇంజిన్ ఆయిల్ మార్చాలన్నాను, మెకానిక్కు ఇప్పుడే అక్కర్లేదన్నాడు. ఇద్దరిదీ నిజమే అని ఇంటికి వచ్చేశాడు. అట్లాంటి మనిషి ఆ రోజు స్పష్టంగా అన్నాడు:

"పోస్టు వస్తే ఈడ. రాకుంటే ఆడ. ఇంక దీని గురించి మాట లేదు."

అత్త ఒప్పుకుంది. పదో తరగతి వరకు తెలుగు మీడియం చదివి, ఆ తర్వాత రెండేళ్ళు తమిళంలో చదివిన కోడలికి ఇంగ్లిష్ పరీక్షలో పోస్టు రాదని ఆమె ధైర్యం. అక్క కూడా ఒప్పుకుంది. తమ్ముడు డిప్లొమా అని ఆమె ధైర్యం. ఇద్దరి ధైర్యాలకూ ఆధారం ఒకే రకంగా ఉందని నాకు అప్పుడు తోచలేదు.

పాత ప్రశ్నపత్రం ఒకటి అక్క స్నేహితురాలు ఫోన్‌లో పంపింది. అందులో సగం జంట మాటలే. రెండు వాక్యాలిచ్చి ఒకటి చేయమంటారు. నాకు సంతోషమేసింది. నాకు వచ్చిన ఒకే పాఠాన్ని దేశం ఎట్టకేలకు అడుగుతోంది.

మొదటి రోజు నేను చేసిన పని, విషయాన్ని వర్గీకరించడం. ఈదర్‌కు ఒక సర్క్యూట్ బొమ్మ, నైదర్‌కు ఒకటి, బోత్‌కు ఒకటి. డిజిటల్ ఎలక్ట్రానిక్స్‌లో గేట్లు అని ఉంటాయి, రెండు తీగలు లోపలికి పోతాయి, ఒకటి బయటికి వస్తుంది. రెండింట్లోనూ కరెంటు ఉంటేనే వెలిగేది బోత్, ఏ ఒక్కదాంట్లో ఉన్నా వెలిగేది ఈదర్, రెండింట్లోనూ లేనప్పుడే వెలిగేది నైదర్. చాలా అందమైన వివరణ అని నా ఉద్దేశం. అక్క రాగి సంగటి కెలుకుతూ విన్నది.

"రేయ్, నాకు లైన్ లీడర్ పోస్టు కావల్ల. కరెంటాఫీసులో కాదు."

"అక్కా, లాజిక్ అర్థమైతే..."

"లాజిక్ నువ్వు అర్థం చేసుకో. నాకు వాక్యం చెప్పు. ఈడ చెయ్యి కాలుతా ఉంది."

చెప్పాను. హీ ఈజ్ టాల్. హీ ఈజ్ స్ట్రాంగ్. కలుపు.

"ఎవురు?"

"ఎవరంటే... ఎవరో ఒకరు."

"ఎవురో తెలీకుండా వాడు పొడుగో బలమో నాకెందుకప్పా? తెలిసినోళ్ళ గురించి చెప్పు, కలుపుతా."

ఆ పూటనుంచి పాఠం వంటింట్లోకి పోయింది. రాతకు చెయ్యి ఖాళీ లేదు కాబట్టి అంతా నోటితోనే. నేను గడప దగ్గర కూర్చుని రెండు చిన్న వాక్యాలు అనేవాణ్ణి, ఆమె తరుగుతూనో రుబ్బుతూనో కలిపేది. ఆమె చేసే తప్పు ఒకటే, ఎప్పుడూ అదే. మొగుడికి బండి ఉంది, మొగుడికి ఫోన్ ఉంది అని రెండు వాక్యాలిస్తే, "హజ్బెండ్ హ్యాజ్ లారీ ఆల్సో, ఫోన్ ఆల్సో" అనేది. ప్రతి వస్తువుకీ ఒక ఆల్సో తగిలించేది.

ఇది ఆమె ఒక్కదాని తప్పు కాదు. ఈ ప్రాంతంలో పుట్టినవాళ్ళందరం ఇట్లాగే అంటాం. మనకు తెలుగులో బండీ, ఫోనూ అని ప్రతి మాట చివరా ఒక దీర్ఘం తగులుతుంది. వీధిలోకి పోతే తమిళంలో దాని బదులు ఒక ఉమ్, సరిహద్దు దాటితే కన్నడంలోనూ దీర్ఘమే. మూడు భాషలూ మూడు వైపుల నుంచి అదే నేర్పాయి. ఇంగ్లిష్‌వాడు మాత్రం వాక్యం మొదట్లోనే బోత్ అని హెచ్చరిస్తాడు. రెండు వస్తున్నాయి, కాచుకో అని. అంటే నోరు తెరవకముందే ఎన్ని చెప్పాలో అతనికి లెక్క తెలిసి ఉండాలి. మనకు ఆ లెక్క మాట ముగిశాక గానీ తెలియదు. మా అత్త ఫోన్ చేసి అల్లమూ తేవాల, మెంతులూ తేవాల, పురుగుమందూ తేవాల అని మొదలుపెడితే, ఆ దీర్ఘాలు ఎక్కడ ఆగుతాయో ఆమెకే తెలియదు. బోత్‌తో మొదలుపెట్టమంటే ఆమెకు ఫోన్ చేయడమే కుదరదు.

అక్క నెమ్మదిగా దారిలో పడింది. ఒకసారి పడ్డాక ఆమెను ఆపడం కష్టమైంది. నైదర్, నార్ ఆమెకు బాగా నచ్చాయి. ఒక రాత్రి భోజనాలయ్యాక, గిన్నెలు తోముతూ, నేను ఏమీ అడగకుండానే అన్నది:

"నైదర్ మై హజ్బెండ్ నార్ మై బ్రదర్ వాషెస్ ది ప్లేట్."

మొగుడూ కంచం కడగడు, తమ్ముడూ కడగడు అని. వ్యాకరణం లోపం లేకుండా ఉంది. క్రియ కూడా సరిగ్గా ఏకవచనంలో పడింది. నేను మెచ్చుకున్నాను.

బావ ముందు గదిలో నుంచి తల ఎత్తాడు. "హజ్బెండ్ అని వినబడింది. నా గురించేనా?"

"గ్రామర్, బావా."

"బ్రదర్ అని కూడా వినబడింది."

"అది కూడా గ్రామరే."

"సరి సరి. చదువుకోండి," అని మళ్ళీ ఫోన్‌లోకి దిగిపోయాడు.

అట్లా ఇంగ్లిష్ మా ఇంట్లో ఒక కొత్త సౌకర్యం అయింది. తెలుగులో అంటే గొడవ అయ్యే మాటలు ఇంగ్లిష్‌లో అంటే అభ్యాసం అవుతున్నాయి. అక్క రోజుకొకటి చొప్పున వదిలేది. అత్త ఫోన్‌లో అరగంట మాట్లాడి పెట్టేశాక: నాట్ ఓన్లీ ది సన్ బట్ ఆల్సో ది మదర్ స్లీప్స్ ఆఫ్టర్ గివింగ్ అడ్వైస్. అంటే సలహా ఇచ్చి నిద్రపోవడం ఒక్క కొడుక్కే కాదు, తల్లికి కూడా ఉంది. నేను వాక్యాన్ని దిద్దడానికి వెతికాను, దిద్దడానికేం లేదు. ఈదర్ ది లారీ మూవ్స్ ఆర్ ది హజ్బెండ్ స్లీప్స్. ఇది కూడా బాగానే ఉంది. నా పెళ్ళి గురించి కూడా ఒకటి అన్నది, దాన్ని మాత్రం నేను తప్పని చెప్పాను. అది తప్పు కాదు.

పరీక్ష ఒక శనివారం కంపెనీ క్యాంటీన్‌లోనే పెట్టారు. నేను ఆ రోజు డ్యూటీలో ఉన్నాను, ఒక బ్యాచ్ నిండా గీతలు పడిన భాగాలు చూస్తూ అక్క ఏం రాస్తూ ఉంటుందో ఊహిస్తూ ఉన్నాను. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆమె బొరుగుల్లో ఉల్లిపాయ కలుపుతూ ఉంది. ముఖం చూస్తే ఏం తెలియలేదు.

"ఎన్ని వచ్చినాయి జంట మాటలు?"

"ఒకటి."

"ఒకటేనా?"

"ఒకటే. రాసిందంతా లీవ్ లెటర్. ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ అని. అది ఇస్కూలు నుంచి వస్తుంది నాకు, కండ్లు మూసుకుని రాస్తా."

"మరి మాట్లాడే పరీక్ష?"

"బెంగుళూరు నుంచి ఒక సారు వచ్చినాడు. పార్టు మీద గీత ఉంది, సొట్ట ఉంది, కలిపి చెప్పమన్నాడు. ది పార్ట్ హ్యాజ్ బోత్ ఎ స్క్రాచ్ అండ్ ఎ డెంట్ అన్నాను. గుడ్ అన్నాడు. ఆ తర్వాత నాది ఏ ఊరని అడిగినాడు, కన్నడంలో."

"కన్నడంలో ఎందుకు?"

"ఆయప్పకు ఇంగ్లిష్ విసుగొచ్చిందేమో. నేనూ కన్నడంలోనే చెప్పినాను. లైన్లో అరవం పిల్లలకు ఎట్ల చెప్తావు అన్నాడు, అరవంలో చెప్పి చూపించినాను. కుప్పం వైపు పిల్లలు కూడా ఉండారు కదా అన్నాడు, తెలుగులో అరిచి చూపించినాను. పక్కనున్న మేడమ్ నవ్వింది. అంతే, పొమ్మన్నారు."

నేను గీసిన గేట్ల బొమ్మలు, చేసిన వర్గీకరణ, గడప దగ్గర కూర్చున్న సాయంత్రాలు, అన్నిటికీ కలిపి ఒక గీత, ఒక సొట్ట. అయినా ఆ ఒక్కటి తప్పు పోలేదు కదా అని సర్దుకున్నాను. తప్పు పోయి ఉంటే పోస్టు రాకపోయేదా అన్న ప్రశ్న అడగదగినదే. అడిగే ధైర్యం నాకు లేదు.

వారం తిరక్కుండా పోస్టు వచ్చింది. బావ మైసూరుపాకు తెచ్చాడు, నిజంగా సంతోషించాడు, సగం తనే తిన్నాడు. అక్క ఇంటి ఓనరమ్మకు పోయి చెప్పి వచ్చింది, ఇంకో ఏడాది ఉంటామని. ఆ ఆదివారం అత్త వచ్చింది. మళ్ళీ అనపకాయలు.

"సంతోషమమ్మా," అన్నది అక్క బుగ్గ నిమిరి. "మా కోడలు ఆఫీసరయిందని ఊరంతా చెప్పినాను." ఆ తర్వాత నీళ్ళు తాగి, చెంబు కింద పెట్టి, "ఇంక సామాన్లు ఎప్పుడు ఎత్తుతారు?" అన్నది.



"ఏ సామాన్లు అత్తా?" అన్నాను నేను.

"పగటి డ్యూటీ అంట కదప్పా. కంపెనీ బస్సు బేరికె రోడ్డు మీదికి వస్తుంది, నేనే చూసినాను. మా ఊరి పిల్లలు దాంట్లోనే పోతారు. తెల్లారుజామున లేసి పూలు కోసేసి, స్నానం చేసి బస్సెక్కితే సరిపోతుంది. నైట్ డ్యూటీ ఉంటే నేనే వద్దనేదాన్ని. ఇప్పుడు అన్నీ అనుకూలమే కదా."

"అత్తా, పోస్టు వస్తే ఈడ, రాకుంటే ఆడ అని మాట కదా. ఇదైనా కావాల, అదైనా కావాల. రెండూ ఒకేసారి ఎట్ల అవుతాయి?"

"ఆ బస్సు మీ అక్క కంపెనీదేనని అప్పుడు నాకు తెల్దు కదప్పా."

నేను బావ వైపు చూశాను. తీర్పు చెప్పింది ఆయనే. ఆయన తల్లి వైపు చూశాడు, పెళ్ళాం వైపు చూశాడు, మైసూరుపాకు డబ్బా వైపు చూశాడు.

"అదీ నిజమే," అన్నాడు.

అక్క లేచి వంటింట్లోకి పోయింది. అనపకాయలు ఒలుస్తున్న చప్పుడు వినిపించింది. ఏ ఇంగ్లిష్ వాక్యమూ రాలేదు. పోస్టు రాకపోయి ఉంటే ఆమె అత్తిముగంలో పూలు మాత్రమే కోసేది. వచ్చింది కాబట్టి పూలూ కోయాలి, లైనూ నడపాలి. ఇంత కష్టపడి పాసై ఆమె సంపాదించుకున్నది రెండో పని. ఇది ఏ పట్టికలో ఏ గడిలో వేయాలో నాకు అర్థం కాలేదు. నేను గట్టిగా వాదించాను, ఒప్పందం అంటే ఏమిటో, షరతు అంటే ఏమిటో వివరించాను. అత్త శ్రద్ధగా వింది. విని, "నువ్వు చదివినోడివి, నీతో నేను మాట్లాడలేనప్పా. అమ్మవారిని అడుగుదాం, ఆ తల్లి ఏం చెప్తే అది," అన్నది.

మా వైపు పూవు అడగడం అని ఉంది. పెళ్ళి కుదుర్చుకోవాలన్నా, బోరు వేయాలన్నా, తేల్చుకోలేనప్పుడు అమ్మవారిని అడుగుతారు. విగ్రహం కుడి భుజం మీద ఒకటి, ఎడమ భుజం మీద ఒకటి, తడిపిన పూలు అతికిస్తారు. కుడి పూవు ముందు రాలితే ఒక జవాబు, ఎడమది రాలితే ఇంకో జవాబు. అంతకంటే స్పష్టమైన ఈదర్, ఆర్ నేను ఎక్కడా చూడలేదు. మనుషుల మాటకంటే నమ్మదగింది అని ఒక క్షణం అనిపించింది కూడా.

"నాకు సమ్మతమే," అన్నది అక్క వంటింట్లో నుంచే. అందరికంటే నాకే ఆశ్చర్యమేసింది.

శుక్రవారం అక్క సెలవు పెట్టింది. లీవ్ లెటర్ రాయడం ఆమెకు ఎట్లాగూ వచ్చు. బావ బండిలోనే అత్తిముగం పోయాం. అక్క ముందు, నేను వెనక, సరుకు ఎత్తే చోట నిలబడి. గుడి చిన్నది, గర్భగుడిలో నలుగురు నిలబడితే అయిదో మనిషి బయట ఉండాలి. అయిదో మనిషి నేనే, గడప బయట నిలబడి చూశాను. పూజారి పెద్దాయన, ఆ పొద్దు ఆయనకు పక్క ఊళ్ళో గృహప్రవేశం కూడా ఉందని ముందే చెప్పాడు.

"కుడి పడితే హోసూరు. ఎడమ పడితే ఈడికి వచ్చేయల్ల, ఉద్యోగం ఈడనుంచే. సరేనా అందరికీ?" అన్నది అత్త. అందరూ సరే అన్నారు. పూజారి పసుపు నీళ్ళలో రెండు రోజాపూలు ముంచి, రెండు భుజాల మీదా పెట్టాడు. పూలు అత్త తోటవే. కర్పూరం వెలిగించాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. మా వృత్తిలో పరీక్ష జరుగుతున్నప్పుడు కళ్ళు మూసుకోం.

పూలు రాలలేదు. కర్పూరం అయిపోయింది, ఇంకో బిళ్ళ వెలిగించాడు, అదీ అయిపోయింది. పూలు బాగా తడిసి ఉన్నాయి, గాలి లేదు. అక్క కళ్ళు మూసుకునే ఉంది, పెదవులు కదులుతున్నాయి. ఏ భాషలో అడుగుతోందో నాకు తెలియదు. బావ ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ మూశాడు. అత్త మాత్రం ఎప్పుడో కళ్ళు తెరిచి ఎడమ పూవునే చూస్తోంది.

"ఈ పొద్దు తల్లి ఏమీ చెప్పేటట్టు లేదు," అని పూజారి గొణిగి, "ఒకసారి మంగళహారతి ఇద్దాం," అని గోడమీది స్విచ్చి వేశాడు.

ఇప్పుడు అన్ని గుళ్ళలోనూ కరెంటుతో మోగే డోలు ఉంటుంది. మోటారు తిరిగితే డోలు మీద కర్రలు పడతాయి, గంటలు వాటంతట అవే మోగుతాయి. ఈ గుళ్ళో దాన్ని అమ్మవారి పీఠం వెనకాల గోడకే బిగించారు. మోటారు అడుగున రబ్బరు వాషర్లు లేవు. అది నేను లోపలికి తొంగి చూసినప్పుడే గమనించాను. మోటారు అందుకోగానే గోడ కదిలింది, పీఠం కదిలింది, దీపపు కుందె కొద్దిగా జరిగింది. రెండు పూలూ ఒకేసారి కిందపడ్డాయి.

మా ఫ్యాక్టరీలో ఇట్లా వణికించి చూసే యంత్రం ఒకటి ఉంది. ఏ పార్టు ఊడుతుందో చూడడానికి పెడతాం. అయితే ఆ ఫలితాన్ని తల్లి ఆజ్ఞ అని ఎవరమూ రిపోర్టులో రాయం. ఈ మాట అక్కడ అనాలా వద్దా అని ఆలోచిస్తున్నాను, ఈలోగా అత్త చెంపలు వేసుకుంది.

"రెండూ పడినాయి! చూసినారా? ఇదీ చెయ్యి, అదీ చెయ్యి అంటా ఉంది తల్లి. ఉద్యోగమూ చెయ్యి, తోటా చూసుకో అని!"

పూజారి తల ఊపాడు. బావ నోరు తెరిచాడు. ఆయన ఏమనబోతున్నాడో మా అందరికీ తెలుసు. ఆయన అనకముందే అక్క కళ్ళు తెరిచింది.

"నిజమే అత్తా. రెండూ పడినాయి," అన్నది. గొంతు చాలా మెత్తగా ఉంది. "అమ్మవారిని అడిగింది మా ఇద్దరి కోసం కదా, నాకూ ఈయప్పకూ. ఇద్దరికీ చెరొకటి ఇచ్చింది తల్లి. కుడిది హోసూరు, అది నాది. ఎడమది తోట, అది ఈయప్పది."

డోలు ఇంకా మోగుతోంది. పూజారి స్విచ్చి ఆపాడు.

"నాదా?" అన్నాడు బావ.

"నీదే. పూలు ఎట్లాగూ మార్కెట్టుకు పోవల్ల, బండి ఎట్లాగూ నీదే. రాత్రి ఈడ పండుకో, పొద్దున్నే అత్తతో కలిసి కోసి, బండిలో వేసుకుని హోసూరు వచ్చేసేయి. టిఫిన్ నేను చేసి పెట్టి పోతా. ఆదివారం నేను కూడా వస్తా కోతకు, అది నా ఇష్టంతో."

"ఆడపిల్ల కోసేటట్టు మొగోడు కోస్తాడా పూలు?" అన్నది అత్త. కానీ గొంతులో మునుపటి బలం లేదు. అడగమన్నది తను, కుడీ ఎడమా చెప్పింది తను, రెండూ పడినాయని మొదట అరిచింది తను.

"నన్ను అడగొద్దమ్మా, తల్లినే అడగండి. కావాలంటే మళ్ళీ పెడతాను పూలు," అన్నాడు పూజారి, గడియారం వైపు చూస్తూ. "కానీ మళ్ళీ పెడితే తల్లికి కోపమొస్తుంది. ఆ పిల్ల చెప్పింది సరిగ్గానే ఉంది కదా. ఇద్దరికీ ఇచ్చింది."

అత్త కొడుకు వైపు చూసింది. కొడుకు పూల వైపు చూశాడు. అక్క ఎవరి వైపూ చూడలేదు. వంగి రెండు పూలూ ఏరి, ఒకటి తన జడలో పెట్టుకుని, రెండోది బావ చేతిలో పెట్టింది.

"అదీ నిజమే," అన్నాడు బావ.

బండిలో తిరిగి వస్తున్నప్పుడు, వెనక నిలబడి, నేను ఆలోచించింది ఇది. గడప దగ్గర కూర్చుని అన్ని సాయంత్రాలు నేనిచ్చిన బోత్ వాక్యాల్లో ఒక మనిషి ఉండేవాడు, అతనికి రెండు గుణాలు. పొడుగూ, బలమూ. గీతా, సొట్టా. అత్త కూడా అదే నమూనాలో చెప్పింది, ఒక కోడలు, రెండు పనులు. ఒక బోత్ కింద ఇద్దరు మనుషులను నిలబెట్టవచ్చని అక్క తనంతట తానే కనిపెట్టింది. నేను నేర్పానని చెప్పుకోవడానికి లేదు. మెస్సు తప్పిందని సంతోషపడడం వరకే నా వాటా.

ఇప్పుడు మా ఇంటి తీరు మారింది. బావ రాత్రిళ్ళు అత్తిముగంలో ఉంటాడు. పొద్దున కుట్టియానై నిండా రోజాపూల బుట్టలతో మార్కెట్టుకు పోయి, అవి దింపి, మా ఇంటి ముందు బండి ఆపుతాడు. అప్పటికి అక్క లైన్ లీడర్లు వేసుకునే నీలం కోటు వేసుకుని, జడలో పిన్ను పెట్టుకుంటూ ఉంటుంది. ఆయనతో పాటు పూల వాసన కూడా వస్తుంది. నిద్రపోయే మనిషి కదా, మొదటి వారం పడిపోతాడనుకున్నాం. పడిపోలేదు. పైగా ఏ రోజాకు ఏ మార్కెట్లో గిరాకీ ఉందో మాట్లాడడం మొదలుపెట్టాడు. అత్త ఊళ్ళో కొత్తగా ఒక మాట చెబుతోందట, కొడుకు తన కోసం తిరిగి వచ్చేశాడని. అదీ నిజమే.

నిన్న పొద్దున బావ గడప మీద కూర్చుని రెండు చేతులూ చాపి చూపించాడు. వేళ్ళ నిండా ముళ్ళు గీరిన గీతలు. అక్క డబ్బాలో అన్నం సర్దుకుంటూ వంగి చూసింది, ఒక వేలు పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది.

"మీ కంపెనీలో చేతులకు వేసుకునేవి ఉంటాయి కదా, గ్లవుజులు," అన్నాడు ఆయన. "ఒక జత తేరాదా? సుమ్మా ఊరికే, పాతవైనా సరే. నువ్వు లీడరు, నిన్నెవురు అడుగుతారు?"

"నేను లీడరు కాబట్టే తేకూడదు. కంపెనీ వస్తువు గేటు దాటకూడదు. నిన్ననే మా లైన్లో పిల్లకు అదే చెప్పినాను," అన్నది అక్క. చెప్పులు వేసుకుంది. వీధి చివర బస్సు హారన్ వినిపించింది. రెండు అడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"తోలువి బజార్లో దొరుకుతాయి. ఈ పొద్దే కొనుక్కో. అత్తకు కూడా ఒక జత తీసుకో, ఆమె చేతులు ఎవురూ చూడలేదు ఇన్నాళ్ళు."

బస్సు ఎక్కింది. బావ కాసేపు తన చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. ఆ తర్వాత వాళ్ళ అమ్మకు ఫోన్ చేసి, చేతి సైజు ఎంతని అడిగాడు.